చదరపు బ్రాకెట్ దంపతులకు ఒక ప్రూఫ్ రీడర్ లేఖ

చదరపు బ్రాకెట్ దంపతులకు,

నమస్కారం. మీలో ఒకరు ఎడమ పక్కన, మరొకరు కుడి పక్కన నిలబడి ఎప్పుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు కాబట్టి దంపతులని సంబోధించడమే సముచితమని తోచింది. మీ దాయాదులైన గుండ్రటి బ్రాకెట్లు నాకు పాత పరిచయం. ఏదో ఒక చిన్న వివరణను చేతుల మధ్య పొదువుకుని వాక్యానికి అడ్డం రాకుండా ఓ పక్కన నిలబడే సాధువులు వాళ్లు. మీరు కూడా మా వృత్తిలో ఒకప్పుడు చిన్న ఉద్యోగులే. మూలంలో లేని మాటను సంపాదకుడు చేర్చినప్పుడు ఆ మాట ఆయనదని పాఠకుడికి చెప్పడానికి వచ్చేవారు, పని కాగానే వెళ్లిపోయేవారు. ప్రపంచ వాతావరణ సదస్సుల్లో మీరు ఇంత పెద్ద హోదాకు ఎదిగారన్న సంగతి, ఆ సదస్సుల ముసాయిదాలు చదవడం మొదలుపెట్టిన తరవాత గానీ నాకు తెలిసిరాలేదు. అక్కడ మీ మధ్యకు వచ్చిన మాట ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. అందరూ దానికి ఒప్పుకోలేదు, అలాగని ఎవరూ దాన్ని కొట్టివేయనూ లేదు. విశ్వామిత్రుడంతటివాడు త్రిశంకుడి కోసం సృష్టించిన స్వర్గం ఒక్కటే. మీరు పుటకు పదుల చొప్పున కట్టి ఇస్తున్నారు.

2015 డిసెంబరులో పారిస్‌లో మీ వైభోగం చూడవలసిందే. మొదటి వారం ముగిసేసరికి ముసాయిదా 48 పుటలు, అందులో మీరు వందల జంటలుగా కాపురం పెట్టి ఉన్నారు. మరి నాలుగైదు రోజులకు అది 29 పుటలయింది. 12వ తేదీన ఆమోదం పొందిన పాఠంలో మీ జంట ఒక్కటీ మిగల్లేదు. ఊడ్చి అలికినట్టున్న పాఠాన్ని చూస్తే మా వృత్తివాళ్లకు సంతోషం కన్నా ముందు అనుమానం కలుగుతుంది: చీపురు తిరిగినప్పుడు చెత్తతోపాటు ఇంకేం పోయింది? పారిస్ ఒప్పందాన్ని ఆసాంతం వెతికినా బొగ్గు అన్న మాట దొరకదు, చమురు అన్న మాట దొరకదు, శిలాజ ఇంధనాలన్న మాటా దొరకదు. రోగకారణం రాయకుండా జ్వరం ఎంతకు మించకూడదో మాత్రం రాసిచ్చిన వైద్యుడి చీటీలా ఉంటుంది అది. ఆఖరి గంటల్లో జరిగిన మరో ఉదంతం నా వృత్తికి సంబంధించినది కాబట్టి చెప్పకుండా ఉండలేను. సంపన్న దేశాలు తమ ఆర్థిక వ్యవస్థ మొత్తంలో ఉద్గారాలను తగ్గించి తీరాలని చెప్పే వాక్యంలో 'షల్' అన్న ఇంగ్లీషు క్రియ వచ్చింది. 'తగ్గించడం ఉచితం' అని మెత్తగా ధ్వనించే 'షుడ్' ఉండవలసిన చోట అది ఉందని అమెరికా అభ్యంతరం చెప్పింది. ఆ మార్పును సాంకేతిక సవరణల జాబితాలో కలిపి వేదిక మీద గబగబా చదివేశారు. ఒక దేశానికి చట్టబద్ధమైన బాధ్యత ఉన్నదా లేదా అన్నది అచ్చుతప్పుల పట్టికలో తేలిపోయే విషయమైనప్పుడు, ప్రూఫ్ రీడర్ల జీతాలు ఇంకా ఇలాగే ఎందుకు ఉన్నాయో నాకు బోధపడదు.

మీ బంధువర్గం గురించి కూడా ఒక మాట. శాస్త్రవేత్తల వైపు మీరు కనిపించరు గానీ, మీ పనినే మర్యాదగా చేసే విశేషణాలు అక్కడ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వారి ప్రభుత్వాల మధ్య వాతావరణ మార్పుల సంఘం (ఐపీసీసీ) నివేదికల సారాంశాన్ని ప్రభుత్వ ప్రతినిధులు పంక్తి పంక్తిగా చదివి ఆమోదిస్తారు. 1995లో మాడ్రిడ్‌లో వాతావరణం మీద మనిషి ప్రభావానికి ముందు ఏ విశేషణం పెట్టాలన్న దాని మీద తర్జనభర్జనలు పడి చివరికి 'గుర్తించదగిన' అన్న మాట దగ్గర ఆగారు. గత అర్ధ శతాబ్దపు వేడిలో అధిక భాగానికి మనిషి వదిలిన వాయువులే కారణమన్నది 2001లో 'సంభావ్యం', అంటే నూటికి 66 పాళ్లు దాటిన మాట. 2007లో 'చాలా సంభావ్యం', అంటే 90 దాటిన మాట. 2013లో 'అత్యంత సంభావ్యం', 95 దాటిన మాట. 2021కి 'నిస్సందేహం' అయింది. విశేషణాలు ఇలా ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్న ఆ నాలుగు సంవత్సరాల్లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీది పరికరం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పది లక్షల పాళ్లకు వరసగా 371, 384, 397, 416 పాళ్లుగా నమోదు చేసింది. శాస్త్రవేత్తలను నేను తప్పు పట్టను. అనుమానం ఎంతో లెక్కగట్టి మరీ చెప్పడం నిజాయితీ. ఆ లెక్కను విన్నవాళ్లు, మిగిలిన అయిదు పాళ్లలో ఇల్లు కట్టుకుని కాపురం చేయడమే విడ్డూరం.

గ్లాస్గో సంగతికి వస్తాను. 2021లో అక్కడ జరిగిన వాతావరణ సదస్సు తుది తీర్మానంలో బొగ్గు పేరు మొదటిసారిగా వచ్చింది. బొగ్గు విద్యుత్తు 'దశలవారీ నిలిపివేత' అని ముసాయిదాలో ఉన్న మాట, సభ ముగియబోయే వేళకు భారతదేశం కోరిక మీద, చైనా మద్దతుతో 'దశలవారీ తగ్గింపు' అయింది. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ క్షమాపణ చెప్పుకుంటూ గొంతు పూడుకుపోయి మాట ఆపేశారు. బొగ్గు మీద బతికే దేశాలనే వేలెత్తి చూపి, చమురునూ సహజవాయువునూ మండించి ఎదిగిన దేశాల జోలికి పోకపోతే ఎలా అన్న వాదనలో పస లేకపోలేదు. నేనైతే ఆ ప్రశ్న అడిగినవాళ్ల పక్షానే కొంతసేపు నిలబడతాను. అయితే లోకమంతా ఆ ఒక్క నామవాచకం మీద కన్నేసి ఉన్న సమయంలో, దాని ముందు నిలబడిన విశేషణాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నిలిపినా, తగ్గించినా, అది 'ఉద్గారాలను అరికట్టని' బొగ్గు విద్యుత్తుకే వర్తిస్తుంది. ఎంత అరికడితే అరికట్టినట్టు? ఆ సంఖ్య తీర్మానంలో లేదు. మరుసటి ఏడాది శాస్త్రవేత్తల నివేదిక పుట అడుగున ఉండే ఒక అధోజ్ఞాపికలో, విద్యుత్ కేంద్రమైతే కార్బన్ డయాక్సైడ్‌లో 90 శాతమో అంతకన్నా ఎక్కువో పట్టి ఆపడమని ఉదాహరణ ఇచ్చింది; అధోజ్ఞాపికలను మాబోటివాళ్లు తప్ప ఎవరు చదువుతారు? ధర్మరాజు 'కుంజరః' అన్న మాటను గొంతు తగ్గించి అన్నాడని ఇన్ని వేల ఏళ్లుగా చెప్పుకుంటున్నాం. పాపం, ఆయనకు మీ సాయం అందుబాటులో లేక ఒంటరిగా గొణగవలసి వచ్చింది.

అదే వాక్యంలో మరో కుంజరం కూడా ఉంది. శిలాజ ఇంధనాల మీద 'అసమర్థమైన' సబ్సిడీలను నిలిపివేయాలట. ఈ మాట గ్లాస్గోలో పుట్టింది కాదు. 2009లో పిట్స్‌బర్గ్‌లో జీ 20 దేశాలు వీటిని 'మధ్యకాలంలో' తొలగిస్తామని రాసుకున్నాయి. ఆ మధ్యకాలం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో వాక్యంలో లేదు గనుక అది ఇప్పటికీ మధ్యలోనే ఉంది. తన సబ్సిడీ అసమర్థమైనదని ఏ ప్రభుత్వం మాత్రం లేచి నిలబడి చెబుతుంది? 2022లో ప్రపంచంలో నేరుగా ఇచ్చిన శిలాజ ఇంధన సబ్సిడీలే 1.3 లక్షల కోట్ల డాలర్లని అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క తేల్చింది. అంత సమర్థంగా పంచగలిగిన డబ్బును అసమర్థమనడం అన్యాయం కూడానేమో!

డబ్బు మాట వచ్చింది కాబట్టి, 2024 సదస్సు జరిగిన అజర్‌బైజాన్ రాజధాని బాకూ. బీద దేశాలకు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్న 2009 నాటి మాట 2022లో గాని నెరవేరలేదు. దాని తరవాతి మొత్తం ఎంతో తేల్చడానికి 2024లో బాకూలో కూర్చున్నప్పుడు, సదస్సు ముగియవలసిన రోజుకు ఒక్క రోజు ముందు వచ్చిన ముసాయిదాలో అంకె ఉండవలసిన చోట మీ ఇద్దరి మధ్య 'ఎక్స్' అన్న అక్షరం ఉంది. బడి పిల్లవాడు కూడా లెక్క చివరికి ఎక్స్ విలువ కనుక్కుంటాడు. ఇక్కడ లెక్కంతా వేసినవాళ్లు ఎక్స్‌నే జవాబుగా తెచ్చి పెట్టారు. చివరికి 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లని తేలింది. అడిగినవాళ్లు అడిగింది 1.3 లక్షల కోట్లు. పైన చెప్పిన సబ్సిడీల మొత్తమూ ఇదీ ఒక్కటే కావడం కాకతాళీయమే.

ఇంత చెప్పినా మీ అసలు రాజధాని ఎక్కడుందో ఇంకా చెప్పలేదు. ఈ సదస్సులకు కార్యవిధాన నియమావళి ఒకటి ఉంది. అందులో 42వ నియమం ఓటింగుకు సంబంధించినది: ఏకాభిప్రాయం కుదరనప్పుడు ఎంత మంది ఒప్పుకుంటే నిర్ణయమైనట్టు? 1995లో బెర్లిన్‌లో మొదటి సదస్సు జరిగిననాడు ఆ నియమం మీద ఒప్పందం కుదరలేదు. ఈనాటికీ కుదరలేదు. నియమావళి మొత్తం ఇంకా ముసాయిదాగానే ఉంది. 42వ నియమాన్ని మినహాయించి తక్కినది 'అన్వయిస్తూ' మూడు దశాబ్దాలుగా పని నడుపుకొస్తున్నారు. ఎలా నిర్ణయించాలో నిర్ణయించుకోలేదు కాబట్టి ప్రతిదీ ఏకాభిప్రాయంతోనే జరగాలి. ఏకాభిప్రాయమంటే సుమారు రెండు వందల పక్షాల్లో ఏ ఒక్కటీ గట్టిగా అడ్డం తిరగకపోవడమని అర్థం. అడ్డం తిరిగితే? దానికీ 16వ నియమం ఉంది: తేలని అంశం తనంతట తానే తరవాతి సమావేశపు ఎజెండాలోకి వెళ్లిపోతుంది. 2023 జూన్‌లో బాన్‌లో జరిగిన సన్నాహక సమావేశాల్లో ఆ ఎజెండానే తేలలేదు. 5వ తేదీన మొదలై 15న ముగియవలసిన సమావేశాలకు 14వ తేదీ రాత్రి ఎజెండాను ఆమోదించారు. అప్పటిదాకా అందరూ దేని గురించి మాట్లాడుకున్నట్టు అన్న ప్రశ్నకు, ఆమోదం పొందని ఎజెండా గురించేనన్నది నియమబద్ధమైన సమాధానం. మీనమేషాలు లెక్కించేవాళ్లకు కనీసం రాశులు పన్నెండే.

మీరు ఆ సభామందిరాల్లోనే ఉండిపోయి ఉంటే ఈ లేఖ రాసేవాణ్ని కాదు. మీరు అక్కడినుంచి బయలుదేరి మా నోళ్లలోకి వచ్చి చేరారు. ఇంధనాల గురించి ఇద్దరు మాట్లాడుకుంటుంటే వినండి. ప్రూఫు దిద్దే చెవికి ప్రతి వాక్యం చివరా మీరు వినిపిస్తారు. సౌర విద్యుత్తు అన్నిటికన్నా చవక [పగటి పూట]. బొగ్గు విద్యుత్తు ఎప్పుడంటే అప్పుడు వస్తుంది, అదీ చవకే [పొగ పీల్చినవాళ్ల వైద్యం ఖర్చు వేరే పద్దు]. అణు విద్యుత్తులో పొగ లేదు, దాన్ని మించింది లేదు [కట్టడం పూర్తయ్యాక]. ఫ్రాన్స్‌లో ఫ్లామన్‌విల్ రియాక్టర్ పని 2007లో మొదలైంది, 2012కి కావలసింది, 2024 డిసెంబరులో గ్రిడ్‌కు కలిసింది. ఖర్చు 330 కోట్ల యూరోల అంచనా నుంచి 1,300 కోట్ల దాకా పెరిగింది. సరే, అణు విద్యుత్తే వద్దనేవాళ్లు నిష్కపటులా అంటే, వాళ్ల జేబులోనూ మీరున్నారు. జర్మనీ తన చివరి మూడు అణు కేంద్రాలను 2023 ఏప్రిల్ 15న మూసివేసి ఊపిరి పీల్చుకుంది [బొగ్గు కేంద్రాలు ఇంకా నడుస్తున్న గాలినే]. విద్యుత్ వాహనం పొగ వదలదు [గొట్టం విద్యుత్ కేంద్రంలో ఉంది] అని ఒకరు ఎగతాళి చేస్తే, గ్రిడ్ శుభ్రపడేకొద్దీ అదే బండి శుభ్రపడుతుందని, పెట్రోలు బండి మాత్రం కొన్న నాటినుంచి తుక్కుకు వెళ్లేదాకా పెట్రోలే తాగుతుందని చెప్పవలసిన సగాన్ని ఆయన మీ మధ్య భద్రంగా దాచిపెడతాడు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా వేధించేది మెగావాట్ల గారడీ. వెయ్యి మెగావాట్ల కేంద్రం ప్రారంభమైందని వార్త వస్తుంది. వెయ్యి మెగావాట్లు ఏడాది పొడుగునా, 8,760 గంటలూ నిండుగా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. అణు కేంద్రం అందులో 90 శాతం ఇస్తే 788 కోట్లు. సౌర కేంద్రం 20 శాతం ఇస్తే 175 కోట్లు. రెంటికీ వార్తలో శీర్షిక ఒకటే. సౌర విద్యుత్తును తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. పలకల ధర 2010 తరవాతి పదేళ్లలోనే పదో వంతుకు దగ్గరగా పడిపోయింది కనుక, ఎక్కువ పలకలు పెట్టుకుని, నిల్వకు బ్యాటరీలు పెట్టుకుని కూడా లెక్క గట్టవచ్చు, చాలా చోట్ల ఆ లెక్క గిట్టుబాటవుతోంది కూడా. కానీ లెక్క గట్టాలంటే మీ మధ్య ఉన్నది బయటికి తీసి చదవాలి. అభిమానులు 'స్థాపిత సామర్థ్యం' అన్న రెండు మాటలు మింగేసి సంబరపడతారు, విమర్శకులు నిల్వ అన్న మాట మింగేసి సూర్యుడు అస్తమిస్తాడన్న రహస్యాన్ని మనకు కొత్తగా చెబుతారు. టీవీ చర్చలో ఇద్దరికీ చెరో కుర్చీ, సమానమైన సమయం. అంటే మీ ఇద్దరిలో ఒకరిని ఎడమవైపు, మరొకరిని కుడివైపు కూర్చోబెట్టి, విషయాన్ని మధ్యలో వేలాడదీయడం.

ఎవరి బాధ్యత ఎంత అన్న తగవులోనూ మీదే పెత్తనం. మొత్తం ఉద్గారాలు చెప్పేవాడు జనాభాను మీ మధ్య పెడతాడు. తలసరి చెప్పేవాడు మొత్తాన్ని పెడతాడు. ఇద్దరూ కలిసి 1850 నుంచి ఎవరెంత కాల్చారన్న చరిత్రను పెడతారు. వ్యక్తుల వంతు కూడా వచ్చింది. 'కార్బన్ పాదముద్ర' అన్న మాటను 2000ల దశకంలో ఇంటింటికీ చేర్చినవారిలో ప్రముఖులు, రక్తపోటుకు మనం వాడే పొట్టిపేరే తమ పేరుగా గల చమురు సంస్థవారు. మీ అడుగుజాడ ఎంతో లెక్క చూసుకోండని జనానికి చెప్పి, తమ గొట్టాలకు పాదాలుండవు కదా అని నిశ్చింతగా ఉన్నారు. పీల్చి వదిలే ప్రతి ఊపిరికీ సంజాయిషీ రాసుకునే మంచివాళ్లను నేనెరుగుదును; విధానం గురించి అడిగితే మాత్రం వాళ్లు అది రాజకీయమంటారు.

మీ పక్షాన చెప్పవలసింది చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం. 1.5 అన్న అంకె ఒకటుంది. సముద్రమట్టం పెరిగితే పటంలో మిగలని చిన్న ద్వీప దేశాలు, భూతాపం పెరుగుదల 2 డిగ్రీల దగ్గర కాదు, 1.5 దగ్గర ఆగాలని ఏళ్ల తరబడి అడిగాయి. 2009లో కోపెన్‌హాగన్‌లో పసిఫిక్ ద్వీప దేశమైన తువాలు గొంతు చించుకున్నా పెద్దలు 2 డిగ్రీల దగ్గరే నిలబడ్డారు. అయినా ఆ అంకెను ఎవరూ పూర్తిగా తుడిచివేయలేకపోయారు. ఒక్క దేశం పట్టుపట్టినా మాట కాగితం మీద బతికి ఉండే ఏర్పాటు మీది కదా. ముసాయిదా నుంచి ముసాయిదాకు మీ చేతుల మధ్య కొట్టుమిట్టాడుతూ ప్రయాణించి, 2015లో పారిస్ ఒప్పందం రెండో అధికరణంలోకి అది బయటి మాటగా అడుగుపెట్టింది. బలవంతుడి శషభిషలకు ఎంత నీడ ఇచ్చారో బలహీనుడి పట్టుదలకూ అంత నీడా ఇచ్చారు. ఓటింగు లేకపోవడం వల్ల నష్టపోయినవాళ్లలోనూ, గట్టెక్కినవాళ్లలోనూ ఆ ద్వీపాలే ఉన్నాయి. ఇది తలచుకున్నప్పుడు మిమ్మల్ని కొట్టివేయడానికి ఎత్తిన కలం కాసేపు ఆగుతుంది. అయితే 2024 సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందటి స్థాయి కన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఒక్క ఏడాదితో హద్దు దాటినట్టు కాదని, ఇరవై ఏళ్ల సగటు చూడాలని నిపుణులు వెంటనే చెప్పారు. నిజమే. ఆ వివరణను చాలామంది మీ మధ్య పెట్టుకుని హాయిగా నిద్రపోయారు.

మీ స్నేహితులు కొందరు తగవంతా మాటల్లోనే ఉందంటారు, నేను ఒప్పుకోను. గ్లాస్గోలో అంత అపకీర్తి పాలైన 'దశలవారీ తగ్గింపు' అన్న మాటే, 2016లో రువాండా రాజధాని కిగాలీలో శీతలీకరణ యంత్రాల్లోని హెచ్‌ఎఫ్‌సీ వాయువులకు వాడినప్పుడు ఎవరికీ కన్నీళ్లు రాలేదు. ఎందుకంటే దాని పక్కన పట్టిక ఉంది: సంపన్న దేశాల్లో చాలావరకు 2036 నాటికి 85 శాతం, చైనా వంటి దేశాలు 2045 నాటికి 80 శాతం, భారతదేశం వంటివి 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. మాట మెత్తనిదే, అంకె గట్టిది. బ్రిటన్‌లో ఇంకో తమాషా జరిగింది. 1882లో లండన్‌లోని హోల్బోర్న్‌లో బొగ్గుతో ప్రజలకు విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టిన దేశం, 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ఆపేసింది. 142 ఏళ్ల వాక్యానికి మామూలు పూర్ణవిరామం పెట్టారు. మిమ్మల్ని పిలవనే లేదు. నొచ్చుకున్నారేమో అని అడుగుతున్నాను.

నొచ్చుకుని ఉంటే, 2025 సదస్సు జరిగిన బ్రెజిల్ నగరం బెలెంలో ఊరట కలిగే ఉంటుంది. 2023లో దుబాయ్‌లో శిలాజ ఇంధనాల నుంచి 'దూరంగా మళ్లడం' అన్న మాట ఎలాగో తీర్మానంలోకి వచ్చింది. దానికి దారి గీద్దామని 2025లో 80కి పైగా దేశాలు బెలెంలో కోరినా, ముఖ్య తీర్మానంలో శిలాజ ఇంధనాలన్న మాటే లేకుండా సభ ముగిసింది. మళ్లవలసిన చోటు పేరు లేకుండా మళ్లుతున్నామన్నమాట. మీరు అక్కడినుంచి వెళ్లిపోతూ ఏం పట్టుకెళ్లారో ఈసారి లోకం కళ్లారా చూసింది.

ఒక్క విన్నపం. 42వ నియమం పుటను ఒకసారి మా బల్ల మీదికి పంపించండి. పంక్తులు దిద్దను, అర్థం మార్చను. అందులో మీ ఇద్దరి మధ్య పడి ఉన్న ప్రత్యామ్నాయాల్లో ఏదో ఒకదాని మీద గీత కొట్టి మిగిలినదాన్ని అచ్చుకు పంపిస్తాను. ఏది మిగిలినా ఇప్పటిదానికన్నా మెరుగే. అంతకు ముందు నా ఇంటి పనీ చేసుకోవాలి. ఈ లేఖ రాస్తున్న గదిలో ఏసీని 26 [22] దగ్గర పెట్టాను. పై కప్పు మీద సౌర పలకలు [వచ్చే ఏడాది] పెట్టిస్తున్నాను.

ఇట్లు,
మీ [మిత్రుడు] [బాధితుడు],
ఒక ప్రూఫ్ రీడర్